ఏదుపంది ఇంటికి చేరని కబురు

రండర్రా, చాప మీదికి జరగండి. వెనకున్నవాళ్ళు కూడా ముందుకు రండి, ఇవాళ నా గొంతు కాస్త బొంగురుగా ఉంది. మీకు బళ్ళో 'పాస్ ఆన్' అనే ఇంగ్లీషు మాట నేర్పారటగా? మన చేతికి అందినదాన్ని ఆపుకోకుండా పక్కవాళ్ళకి అందించడం. పుస్తకాన్ని పాస్ ఆన్ చేస్తాం, కబురునీ పాస్ ఆన్ చేస్తాం. ప్రసాదం పళ్ళెం వచ్చినప్పుడు మీరు చేసేదీ అదే, ఒక్క వైదేహి తప్ప. పళ్ళెం దాని ఒళ్ళోనే ఆగిపోతుంది! సరే, నవ్వింది చాలు. కబురు ఆగిపోతే ఏమవుతుందో చెబుతాను. స్వామిని తలుచుకుని వినండి.

అనగనగా ఏటి ఒడ్డున ఒక వెదురు అడవి. వేసవిలో ఆ అడవికి నిప్పు భయం. అందుకని అక్కడి జంతువులు ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. నిప్పు కనబడగానే కొండ మీది కొండముచ్చు తాత కేకవేయాలి. ఆ కేకను ప్రతి ఇల్లూ తూర్పున ఉన్న పక్కింటికి అందించాలి. పక్కింటివాళ్ళు "అందింది" అనాలి. ఆ మాట వినకుండా ఎవరూ ఏటికి పరుగెత్తకూడదు.

ఆ వరుసలో అడవికోడి తరవాత ఉడుత మంగతాయి ఇల్లు. ఆమె తరవాత ఏదుపంది గవరమ్మ బొరియ. ఒంటినిండా ముళ్ళున్న గవరమ్మ రాత్రంతా తిరిగి పగలు నిద్రపోయేది. ఆమె తరవాత చిట్టచివరి చెట్టు తొర్రలో మంగతాయి కూతురు సీతాలు కాపురం.

మంగతాయికీ గవరమ్మకూ మాటల్లేవు. సీతాలు పెళ్ళివిందులో గవరమ్మ అందరి ముందూ, "విందు అన్నారు, మొర్రిపళ్ళన్నీ పుచ్చులే!" అంది. మంగతాయి తోక నిక్కబొడుచుకుంది.

"బొరియలో మట్టి తినేదానికి పళ్ళ రుచేం తెలుసు? ఇక నా గుమ్మం తొక్కకు!" అంది.

"తొక్కమన్నా తొక్కను తల్లీ!" అంది గవరమ్మ.

ఏడాది గడిచింది. చైత్రమాసం, మిట్టమధ్యాహ్నం. సీతాలు మూడు పసికూనలకు పాలిస్తూ తొర్రలో పడుకుని ఉంది. పడమటి కొండ మీద పొగ లేచింది.

"మంగతాయొదినా!" అడవికోడి రెక్కలు కొట్టుకుంటూ అరిచింది. "నిప్పు! ఏటి ఇసుకకు పద! పక్కింటికి చెప్పు!"

"అందింది!" అంది మంగతాయి.

ఒక్క గెంతులో బొరియ దగ్గరికి వచ్చింది. నోరు తెరిచింది. పుచ్చుపళ్ళ మాట గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

'పొగ వాసనకు తనే లేస్తుందిలే' అనుకుంది.

రెండడుగులు వేసి ఆగింది. 'నేను కాకపోతే ఇంకెవరో చెబుతారు' అనుకుంది.

మరో రెండడుగులు వేసి ఆగింది. 'ఈ ఒక్కసారి పరుగెత్తుకొచ్చి నన్నే అడగనీ' అనుకుంది. ఇక ఆగకుండా ఏటివైపు పరుగు తీసింది.

ఇసుకతిన్నె మీద అందరూ ఇళ్ళ వరుసలోనే నిలబడ్డారు. కొండముచ్చు తాత ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

"మంగతాయీ, అవతలివాళ్ళు అందింది అన్నారా?"

"అన్నారు తాతా."

తాత ముందుకు కదిలాడు. మంగతాయి పక్కన ఖాళీ. ఆ ఖాళీ అవతల ఇంకో ఖాళీ. అది సీతాలు నిలబడాల్సిన చోటు.

అప్పుడు గుర్తొచ్చింది మంగతాయికి, ఆ దారిలో గవరమ్మ తరవాత ఉన్నది తన బిడ్డేనని. కోపంలో అంతవరకూ కూతురు తలపుకే రాలేదర్రా. కోపం అంత చెడ్డది.

"తాతా! నేను చెప్పలేదు! అబద్ధమాడాను! నా పిల్ల... నా పిల్ల అక్కడుంది!" అని వెనక్కి పరుగెత్తింది. వేడిగాలి ముఖాన కొట్టింది. వెదుళ్ళు ఫట్‌ఫట్‌మని పగులుతున్నాయి. తాత ఆమె తోక పట్టుకుని ఆపాడు. "వద్దమ్మా. ఇక దారి లేదు."

చాలాసేపటికి పొగలోంచి ఒక నల్లటి ఆకారం వచ్చింది. సీతాలు. మీసాలు మాడిపోయాయి. నోట ఒక్క పసికూన.

కూనను ఇసుక మీద దించి సీతాలు మాట్లాడింది. "గవరమ్మత్త వచ్చిందమ్మా. బొరియలోకి పొగ వచ్చేదాకా తనకు తెలియదట. లేచీ లేవగానే ఏటికి పోకుండా నా చెట్టు దగ్గరికి వచ్చింది. ముళ్ళు గలగలలాడిస్తూ చెట్టు కొట్టింది. 'అత్తా, నువ్వు వెళ్ళు' అన్నాను. 'అందింది అను, వెళతాను' అంది. అన్నాను. దీన్ని నోట పట్టుకుని దిగాను. మిగతా ఇద్దరి కోసం తిరిగి చూస్తే చెట్టు మండుతోంది. అత్త నా వెనకే బయల్దేరింది. పొట్టి కాళ్ళు కదమ్మా. మంట అందుకుంది."

 

సీతాలు తల్లి ఒంటి వంక చూసింది. బొచ్చు మీద మసి కూడా లేదు.

"అమ్మా, నిప్పు సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది.

మంగతాయి జవాబు చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, బతికినన్నాళ్ళూ చెప్పలేదు.

కళ్ళు తుడుచుకోండి బంగారాలూ. ఆ ముళ్ళ తల్లిని దేవుడు తన ఒళ్ళోకి తీసుకునే ఉంటాడు. ఆమె చేసిన పని ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తనతో మాటలు మానేసిన ఇంటి బిడ్డ గుమ్మానికి వెళ్ళి తలుపు కొట్టింది. మీలోనూ ఒకరితో ఒకరికి మాటల్లేనివాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. రేపు మీకో మంచి కబురో, జాగ్రత్త మాటో అందితే ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళండి. వాళ్ళు విన్నామనేదాకా కదలకండి.

నీతి: కోపం ఎవరి మీదున్నా, వాళ్ళకు చేరవలసిన మాటను ఆపకూడదు, ఆ మాట ఎవరి ప్రాణం దాకా వెళ్ళాలో మనకు తెలియదు.