గడప బయట ఆశన్న బూట్లు

ఇదిగో పిల్లా, నేను చెప్పేది అబద్ధమని ఒక్క మాటన్నావంటే ఈ మంచం దిగి వెళ్ళిపోతాను. ధైర్యముంటే మొత్తం విను, ఆ తర్వాత అను చూద్దాం.

అనగనగా మంచుకొండల మీద ఒక ఊళ్ళో, ఊరంటే తొమ్మిది ఇళ్ళే, పాలమూరు నుంచి వెళ్ళిన మా గుంపు రోడ్డు పని చేస్తుండేది. అందులో నేనూ, నా తమ్ముడు ఆశన్నా. ఇద్దరు మగవాళ్ళు మోసే బండని నేనొక్కదాన్నే చంకలో పెట్టుకు పోయేదాన్ని. నవ్వకు.

అక్కడి చలి ఎట్లాంటిదనుకున్నావు? గంజి వంచితే నేలకి దిగేలోపే గట్టిపడి గుంజలా నిలబడేది. దానికి దండెం కట్టి బట్టలు ఆరేసేదాన్ని.

ఒకరోజు మంచు పడింది. ఆశన్న రబ్బరు చెప్పులతో పనికి పోయి ఏడుపు మొహంతో వచ్చాడు. అప్పుడు వాణ్ణి డోల్మా అనే ముసలమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఊరందరికీ బూట్లు కుట్టేది ఆవిడే. మూడు జతలు ముందు పెట్టి, వచ్చీరాని హిందీలో ఒక్కోదాని సంగతి చెప్పింది.

మొదటివి తళతళలాడే తోలు బూట్లు. లోపల వేళ్ళు కదల్లేదు. "వద్దు, నెత్తురు ఆడదు" అంది. ఆ తర్వాత మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. "వద్దు, బయటి తడి రాదు గానీ లోపలి చెమట పోదు." అప్పుడు మూడో జత తీసింది. మందపాటి ఉన్ని, అడుగున తోలు, గోనెసంచుల్లా వదులు. రెండు జతల మేజోళ్ళ మీద తొడిగినా వేళ్ళు ఆడాయి.

"అక్కా, ఎలుగుబంటి కాళ్ళ లెక్క ఉన్నయే."

"నీ మొహానికి అవే ఎక్కువ, నడువు."

డోల్మా వాడి గడ్డం పట్టుకుంది. "పగలంతా ఇవి నీ కాళ్ళని కాస్తాయి. సాయంత్రం వీటిని పొయ్యి పక్కన ఆరబెట్టు. తడివి మాత్రం తొడగకు నాయనా."

ఆ సాయంత్రం ఆశన్న బూట్లని మా రేకుల షెడ్డులోకి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. నా ఒళ్ళు మండింది. "వండుకునే కాడ చెప్పులేందిరా? తినేది అన్నమేనా?" అని రెండూ బయటికి విసిరేశాను. తెల్లారి వాడు మంచు దులుపుకుని తొడుక్కున్నాడు.

రెండో సాయంత్రం దుప్పటి కింద దాచాడు. వాసన పట్టి మళ్ళీ విసిరాను. తెల్లారేసరికి కట్టెల్లా బిగుసుకున్నాయి. రాయికేసి కొట్టి తొడుక్కున్నాడు.

మూడో సాయంత్రం నేను నోరు విప్పలేదు. వాడే గడప బయట విడిచి, వట్టి కాళ్ళతో లోపలికి వచ్చాడు.

మర్నాడు పని దగ్గర అడిగాను, "కాళ్ళ నొప్పి ఉందారా?" అని.

"లేదక్కా. నిన్నటిదాంక ఉండె. ఇయ్యాల ఏం తెలుస్తలేదు."

నేను సంబరపడ్డాను. నా అంత తెలివిగలది ఏడు జిల్లాల్లో లేదు గదా, సంబరపడ్డాను.

అప్పుడు అటుగా వచ్చిన డోల్మా వాడి బూటు ఊడదీసింది. వేళ్ళు కాల్చిన వంకాయల్లా నల్లబడి ఉన్నాయి. ఆవిడ బూటు తిరగేసి, లోపలి మంచుముక్కల్ని నా అరచేతిలో రాల్చింది.

అప్పుడు వాణ్ణి వీపున వేసుకున్నాను. ఏడు కొండలు దిగాను పిల్లా! ఎదురొచ్చిన మంచుగాలిని భుజంతో నెట్టేశాను. కింద మలుపులో సిమెంటు లారీ ఆగింది. డ్రైవరు మన పాలమూరువాడే, బీచుపల్లి. మమ్మల్ని ఆస్పత్రిలో చేర్చాడు.

కుడి కాలికి మూడు వేళ్ళు తీసేశారు. మూడు. ఈ లెక్క మాత్రం నేను పెంచలేదు.

"ఏడ్వకక్కా, గోర్లు తీసుకునే పని తగ్గింది" అన్నాడు ఆశన్న. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత వాణ్ణి ఊరికి పంపేశారు. బూట్లు నా దగ్గరే ఉండిపోయాయి. చలికాలం పోయేదాకా ప్రతి సాయంత్రం వాటిని అన్నం కుండ పక్కన పెట్టాను. పొడిగానే ఉన్నాయి. అయినా పెట్టాను.

కథ పోయె కంచికి,
మంచు పోయె కొండకి,
తడిసిన బూటు పొయ్యి చెంతకి,
నీ పాదాలు నా ఒడిలోకి.

నమ్మకపోతే పోయి అడుగు, లారీ బీచుపల్లిని.