వెనక్కొచ్చిన జాడీ

మొగుడు నాటిన ముసలి ద్రాక్షతీగలే తోడుగా గవరమ్మ కొండమీద ఒంటరిగా బతికేది. ఆమె చేసే తెల్ల ద్రాక్షసారాలో తీపన్నది ఉండదు. అయినా రాజుగారికి అదంటే ప్రాణం.

"జాడీలన్నీ కోటకు పంపు" అన్నాడు రాజు.

"కొండ దిగితే రుచి చచ్చిపోతుంది ప్రభూ. ఈ తీగల కిందే తాగాలి" అంది గవరమ్మ.

చేసేది లేక రాజు ఏటా కొండెక్కి, ఆమెతో పొద్దువాలేదాకా కబుర్లాడుతూ తాగేవాడు. ఒక ఏడు అనుమానమొచ్చి, చెప్పకుండా ఒక జాడీ పట్టుకెళ్ళాడు. కోటలో ఒక్కడే కూర్చుని తాగి చూశాడు. మర్నాడే ఆ జాడీ చంకనెత్తుకుని రొప్పుతూ వచ్చాడు.

"అబద్ధాలకోరుదానా! రుచి ఏమాత్రం మారలేదు. నీ తల తీయిస్తాను!"

"తీయించండి. కానీ అక్కడా అదే రుచైతే, మిగిలింది ఇంత కొండెక్కి ఎందుకు మోసుకొచ్చారు ప్రభూ?"

రాజు జాడీ కింద పెట్టాడు. తీగల కింద చతికిలబడ్డాడు.

గవరమ్మ రెండు ముంతలు కడిగి తెచ్చింది.