పొర ఉప్పును ఎందుకు మోస్తుంది?

ఒకప్పుడు మొక్కల వేళ్లలోని కణాలనే చిట్టిచిట్టి గదులకు కాపలా అంటూ ఉండేది కాదు. గది చుట్టూ ఒక పొర ఉండేది గానీ, దాని నిండా జల్లెడలా కంతలే. వచ్చేవాళ్లు వచ్చేవాళ్లే, పోయేవాళ్లు పోయేవాళ్లే.

సముద్రం పక్క చేలో ఒక సొరపాదు ఉండేది. దానికి ఒకే ఒక్క పిందె. వేరు చివరి గదికి పొరగా ఉన్న ముసలమ్మకి ఆ పిందె అంటే ప్రాణం.

ఒకరోజు సముద్రం పొంగి చేలోకి వచ్చింది. ఉప్పు గుంపుగా గదిలోకి దూరింది. గదంతా భగ్గున మండింది. పొర హడలిపోయి ఉప్పును బయటికి నెట్టేసి, కంతలన్నీ కుట్టేసుకుంది. హమ్మయ్య, ఇక ఎవరూ రారు అనుకుంది. పిచ్చిది! ఎవరూ రాకపోతే నీరెలా వస్తుంది?

మూడో రోజుకి ఆకులు వేలాడిపోయాయి.

"అమ్మమ్మా, పిందె ముడుచుకుపోతోందే! ఏదో ఒకటి చెయ్యవే!" అని పైనుంచి ఆకు ఏడ్చింది.

అంతలో వాన కురిసింది. నీరు వచ్చి గదిని తట్టింది.

"అత్తా, కాస్త దారియ్యి."

"ఇస్తే నీ వెనకే ఉప్పు కూడా వస్తుందిగా!"

నిజమే. నీరూ, మట్టిలో మిగిలిపోయిన ఉప్పూ చేయీ చేయీ పట్టుకుని నిలబడి ఉన్నాయి. పొర ఆలోచించి, చెయ్యి వదిలితే తప్ప దూరలేనంత సన్నని కంత తీసింది. నీరు చెయ్యి వదిలి లోపలికి జారింది. ఉప్పు బయటే ఉండిపోయింది.

ఊరుకుంటుందా? "నన్నొదిలి పోయావా!" అని ఒకటే ఏడుపు. నీరు ఆగలేక, వచ్చిన కంతలోంచే బయటికి జారిపోసాగింది.

"పోకే తల్లీ! పిందె చచ్చిపోతుంది!"

"నేనేం చెయ్యను అత్తా? ఉప్పు ఎటు ఎక్కువుంటే నా కాళ్లు అటే లాగుతాయి."

పొర ఉప్పు వైపు చూసింది. తనను కాల్చిన ఉప్పునే మళ్లీ పిలవాలా? పైనుంచి ఆకు గొంతు కూడా వినబడటం లేదు. ఇక భయపడుతూ కూర్చునే వేళ కాదు. పక్కన ఇంకో గుమ్మం తీసి, ఉప్పును ఒక్కొక్క రేణువుగా తానే చంకనెత్తుకుని లోపలికి మోసింది. నడుం విరిగిపోయింది. గది మండకుండా, నీరు ఆగేంత చాలనుకుని గుమ్మం మూసింది. లోపలి ఉప్పును చూసి నీరు వెనక్కి తిరిగింది.

సాయంత్రానికి ఆకు సన్నగా "అమ్మమ్మా" అంది. పిందె బతికింది.

అప్పటినుంచే ప్రతి గది పొరా నీటికి సన్నదారి వదిలి, ఉప్పును మాత్రం తానే మోస్తుంది. సొరకాయ ముక్కల మీద ఉప్పు చల్లి చూడండి, ఆ పిలుపుకి నీరెలా పరుగెత్తుకొస్తుందో! అందుకే పొర ఈనాటికీ కునుకు తీయదు. అది మోయడం ఆపిన రోజు గదిలో ప్రాణం ఉండదు మరి.