వెండి రంగు వేసిన యాంటెనా

పైమెరుగుల పిచ్చి ఉన్న పానకాలరావు కొండల మధ్య ఒక అంతరిక్ష కేంద్రంలో అధికారిగా ఉండేవాడు. అక్కడ పదంతస్తుల మేడంత ఎత్తున, పెద్ద పళ్ళెంలాంటి యాంటెనా ఉండేది. కోట్ల మైళ్ళ దూరంలోని నౌకలు పంపే సంకేతాలను అది అందుకునేది. అంతటి యంత్రం చేతికిస్తే ఈయనగారి ధ్యాసంతా గేటుకు రంగులు, రాళ్ళకు సున్నాలు! ఏం చెప్పమంటారు?

ఆ యాంటెనాను హైమవతి అనే ఇంజనీరు చూసుకునేది. ఏడేళ్ళ కిందట ఆమె బృందం ఒక తోకచుక్క దగ్గరికి నౌకను పంపింది. సూర్యుడి పక్కనే ఆ తోకచుక్కను ఫోటో తీసి పంపగానే నౌక ఆ వేడికి మాడిపోతుంది. ఆ ఫోటో వచ్చే రోజు దగ్గరపడింది.

సరిగ్గా ఆ రోజే ఢిల్లీ నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడని తెలిసింది. పానకాలరావుకు కాలు ఒకచోట నిలవలేదు.

"ఏమిటమ్మా ఈ వెలిసిపోయిన తెలుపు? వెండి రంగు కొట్టించండి. తళతళలాడాలి!" అన్నాడు.

"వద్దండీ! ఎండ చెదిరిపోవాలనే మెరుపు లేని రంగు వేశారు. మెరిస్తే ఎండంతా ఒకచోటికి చేరి, సంకేతాలు అందుకునే పెట్టెను కాల్చేస్తుంది," అంది హైమవతి.

రంగుల మేస్త్రీ యేసోబు డబ్బా కింద పెట్టేశాడు. "మేడమ్‌గారు అంతగా చెబుతున్నారు, ఆగుదామండీ."

"నువ్వు కూడా నాకు చెప్పేవాడివేనా?" అని కసిరాడు పానకాలరావు.

హైమవతి పై ఆఫీసుకు ఉత్తరం రాసింది. అది నాలుగు బల్లలు తిరిగి, 'తగు చర్య తీసుకోగలరు' అన్న ముద్రతో మళ్ళీ పానకాలరావు బల్ల మీదకే వచ్చింది! తల గోడకేసి కొట్టుకోవాలనిపించదూ?

ఫోటో రావలసిన ఉదయం, వెండి రంగు పూసుకున్న యాంటెనా నౌక కోసం సూర్యుడి వైపు తిరిగింది. తెర మీద ఫోటో పైనుంచి కొంచెం కొంచెంగా దిగసాగింది. పావు వంతు వచ్చిందో లేదో, పెట్టె మూత కరిగి పొగలు లేచాయి. యాంటెనాను పక్కకు తిప్పేలోగా లోపలి తీగలన్నీ మాడిపోయాయి. తెర నల్లబడింది.

"యాంటెనా బాగానే మెరుస్తోంది. ఫోటో ఏదండీ?" అన్నాడు పెద్దాఫీసరు.

పానకాలరావు హైమవతి వైపు తిరిగాడు. "బాగు చేయించి రేపు చూద్దాం లేమ్మా," అన్నాడు.

"రేపటికి నౌకే ఉండదండీ!" అని ఆమె అందరి ముందే భోరుమంది.

పిల్లలూ, పని తెలిసినవాళ్ళ మాట పెడచెవిన పెట్టి పైమెరుగులకు పోతే అసలు పనే చెడుతుంది.