గేట్‌మన్ వేళ్ళకి గంజి

ఆచార్లు మాస్టారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే వెంటనే బదులు చెప్పేవారు కారు. కళ్ళజోడు తీసి, ఉత్తరీయం కొసతో నెమ్మదిగా తుడుచుకుంటూ, అడిగినవాడి వైపు కాక కిటికీ వైపు చూసేవారు. అలా చూశారంటే ఇక వాదన రాదని, ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి ఒకటి వస్తుందని మాకు తెలుసు.

రాజమండ్రిలో ఒక పాత గ్రంథాలయం మేడమీది గదిలో, ఆదివారం ఉదయాలు, మాస్టారు నటన నేర్పేవారు. పదిమందిమి ఉండేవాళ్ళం. మాలో గంగాధరం పెద్దవాడు. ముప్పై నాలుగేళ్ళు దాటాయి. పదకొండేళ్ళుగా పరిషత్తు నాటకాల్లోనూ, టీవీ సీరియళ్ళలోనూ దొరికిన వేషమల్లా వేస్తున్నాడు. ఇక చాలునని, బావమరిది టైల్సు దుకాణంలో కూర్చోబోతున్నానని ఆ వారంలోనే మాతో చెప్పాడు. మాస్టారితో మాత్రం ఇంకా చెప్పలేదు.

ఆ ఆదివారం పత్రికలో శశిభూషణ్ పోయిన వార్త వచ్చింది. యాభై తొమ్మిదేళ్ళు తెర మీద ఉన్న మనిషి. శశిభూషణ్, మాస్టారు నలభై ఏళ్ళుగా స్నేహితులని మాకందరికీ తెలుసు కాబట్టి ఆ రోజు పాఠం ఉండదనుకున్నాం. మాస్టారు పదినిమిషాలు ఆలస్యంగా వచ్చి, ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నారు. పత్రిక చదవమని గంగాధరానికే ఇచ్చారు.

గంగాధరం పైకి చదివాడు. అర పేజీ వార్త. ఇరవయ్యో ఏట కోట వాకిట్లో బల్లెం పట్టుకుని నిలబడ్డ భటుడు. తరవాత పురాణాల్లో మునులు, మంత్రులు. నలుపు తెలుపు రోజులు పోయి రంగులొచ్చాక దొంగల నాయకుడు. మేనకోడళ్ళను నవ్వించే మేనమామ, మాట రాని వంటవాడు, రిటైరైన జడ్జి, కుష్ఠు రోగి, ముఖ్యమంత్రి, బస్సు కండక్టరు, కూతురి ఎదుట తలెత్తలేని తండ్రి. ఒకే ఏడాది ఒక సినిమాలో ఊరిని తగలబెట్టినవాడు, ఇంకొక సినిమాలో అన్నీ విడిచిన సన్యాసి. మొత్తం ఐదువందల పన్నెండు వేషాలు. ఒక్కదాంట్లోనూ నాయకుడు కాదు.

చదవడం అయ్యాక గంగాధరం పత్రిక మడిచి కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. ఆ తరవాత అడిగాడు.

"ఇంతమందిగా బతికాడు గదండీ మాస్టారూ. ఇన్ని బతుకులు బతికినవాడికి తనదంటూ ఏం మిగులుతుంది?"

మాస్టారు కళ్ళజోడు తీశారు. ఆ ఉదయం ఆయన చెప్పిన సంగతి ఇది.

తొమ్మిదేళ్ళ కిందట బందరులో శశిభూషణ్‌కి సన్మానం తలపెట్టారు. యాభై ఏళ్ళ నటజీవితానికి పండుగ. తోడు రమ్మని అతను మాస్టారికి ఫోన్ చేశాడు. మాస్టారు వెళ్ళారు. ఇద్దరినీ ఊరి చివర ఒక పాత బంగళాలో దించారు. సభ సాయంత్రం ఆరింటికి.

శశిభూషణ్ భార్య పోయి అప్పటికి ఆరేళ్ళు. పిల్లలు లేరు. భార్య పోయిన నాలుగో రోజే ఏదో పాత్రకి గొంతు ఇవ్వడానికి స్టూడియోకి వెళ్ళాడని, అక్కడ పాత్ర కోసం ఏడ్చాడే తప్ప ఇంట్లో ఏడవలేదని మాస్టారికి తెలుసు. హైదరాబాదులో ఒక్కడే ఉండేవాడు. వేషాలు తగ్గిపోయాయి. అంతకు ముందు నెలలో అతను చేసిన వేషం ఏమిటంటే, గోడ మీద దండ వేసి ఉన్న ఫొటో. కథానాయకుడి తాతగారు. దానికోసం పిలిచి, కోటు తొడిగి, ఫొటో తీసుకుని, కారులో ఇంటి దగ్గర దించేశారట. ఈ సంగతి శశిభూషణ్ నవ్వుతూనే చెప్పాడు. మాస్టారూ నవ్వారు. ఆ పూట వరండాలో అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటూ అతను ఉన్నట్టుండి చెయ్యి ఆపాడు.

"ఏ వేషానికైనా సరే, గీసుకుంటున్నప్పుడు ఎవరి గడ్డం గీస్తున్నానో తెలిసేది. ఇప్పుడు తెలియడం లేదోయ్," అన్నాడు.

మాస్టారు ఏదో సర్దిచెప్పబోయారు. ఇంతలో సన్మాన సంఘం కార్యదర్శి వచ్చి, పెడన నుంచి ఎవరో ముసలావిడ వచ్చి పొద్దున ఏడింటి నుంచి గేటు దగ్గర కూర్చుందని, ఫొటో అడగడం లేదని, సాయం అడగడం లేదని, ఒక్క మాట అడిగి వెళ్ళిపోతానంటోందని చెప్పాడు. పంపించేయమంటారా అని కూడా అడిగాడు. శశిభూషణ్ ముఖం తుడుచుకుని, రమ్మనమన్నాడు.

ఆవిడ పేరు నాంచారమ్మ. అరవై అయిదేళ్ళుంటాయి. చెప్పులు మెట్ల కింద విడిచి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడింది. అతని ముఖం కేసి చూడలేదు. చేతుల కేసే చూసింది.

"మా ఆయన్ని మీరెక్కడ చూశారు బాబూ?" అని అడిగింది.

శశిభూషణ్‌కి అర్థం కాలేదు. అప్పుడావిడ తాపీగా చెప్పుకొచ్చింది. ఆవిడ భర్త జొన్నాదుల వీరరాఘవులు, పెడనలో నేత పనివాడు. పోయి చాలా ఏళ్ళయింది. అతను పోయాక రెండు మూడేళ్ళకి ఆవిడ పక్కింటి టీవీలో ఒక సినిమా చూసింది. అందులో శశిభూషణ్ రైల్వే గేట్‌మన్. ఉన్నది రెండు నిమిషాలే. కొడుకు పోయాడని ఎవరో వచ్చి చెబుతారు. గేట్‌మన్ ఏడవడు. గుడిసె గడప మీద కూర్చుని, ఎడమకాలు ముందుకి చాపి, కుడిచేతి మణికట్టు వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంటాడు. ఆ తరవాత లేచి, వస్తున్న రైలుకి పచ్చజెండా చూపిస్తాడు.

ఆ రెండు నిమిషాలను చాలామంది పొగిడారు. అది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. నాంచారమ్మ ఒక్కతే అడిగింది.

"మగ్గం మీద కూర్చునేవాళ్ళ వేళ్ళకి గంజి ఉంటుంది. కంట్లో పడితే మంట. అందుకని మణికట్టుతో తుడుచుకుంటారు. గేటు కాసేవాడి వేళ్ళకి గంజి ఎందుకుంటుంది బాబూ?"

శశిభూషణ్ తన చేతుల కేసి చూసుకున్నాడు. ఆవిడే చెప్పింది. అంతకు చాలా ముందు పెడన పక్కన రైలు కట్ట మీద ఏదో సినిమా తీశారు. వారం రోజులు తీశారు. మధ్యాహ్నాలు ఎండకి ఆగలేక సినిమా వాళ్ళు వీధి అరుగుల మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళ అరుగు మీద కూడా ఒకరిద్దరు కూర్చున్నారు. ఊరంతా షూటింగు చూడ్డానికి పోతే రాఘవులు మాత్రం పోలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే ఉన్నాడు. నడుము నొప్పెట్టినప్పుడు మాత్రం లేచి వచ్చి, గడప మీద ఎడమకాలు చాపుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ లోపలికి పోయేవాడు. అప్పుడు అరుగు మీద కూర్చున్నవాళ్ళలో మీరున్నారా అన్నది ఆవిడ ప్రశ్న.

భర్తది మంచి ఫొటో ఒక్కటీ లేదని కూడా చెప్పింది. పెళ్ళినాటి గుంపు ఫొటోలో తల తిప్పేశాడు. ఆ సినిమా టీవీలో వేసినప్పుడల్లా వీధిలోవాళ్ళు వచ్చి చెబుతారు. ఆవిడ వెళ్ళి ఆ రెండు నిమిషాలు చూసి వచ్చేస్తుంది. మిగతా సినిమా ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఇంట్లో మగ్గం గుంట పూడ్చేసి అక్కడే మంచం వేసుకుని పడుకుంటుంది. ఎవరూ లేరు.

ఆ క్షణంలో శశిభూషణ్ ఏం చెయ్యాలో తనకి స్పష్టంగా కనబడిందన్నారు మాస్టారు. అవునమ్మా, రాఘవులు నాకు బాగా జ్ఞాపకం, నాతో మాట్లాడాడు కూడా అని చెప్పొచ్చు. అంతకంటే కష్టమైన అబద్ధాలు అతను ఐదువందలసార్లు నిజం చేసి చూపించినవాడు. ఆవిడ సంతోషంగా బస్సెక్కేది. అలాగే చెబుతాడని మాస్టారు ఎదురుచూశారు.

"నాకు జ్ఞాపకం లేదమ్మా," అన్నాడు శశిభూషణ్. "చూసే ఉంటాను. చూడకపోతే ఆ చెయ్యి నాకు రాదు. కానీ ఎవరి దగ్గర ఏది తీసుకున్నానో నాకు ఎప్పుడూ జ్ఞాపకం ఉండలేదు."

ఆవిడకి కోపం రాలేదు. తల ఊపింది. మరిచిపోయారు గానీ పారేసుకోలేదు, అదే పదివేలు అంది. ఆ తరవాత, ఇంత దూరం వచ్చాను కాబట్టి ఒక్కసారి అలా కూర్చుని చూపించమని అడిగింది.

కార్యదర్శి అడ్డం రాబోయాడు. శశిభూషణ్ వద్దన్నట్టు చూసి, వరండా మెట్ల దగ్గరికి వెళ్ళాడు. డెబ్భై ఏళ్ళ మోకాళ్ళు. స్తంభం పట్టుకుని రెండో మెట్టు మీద కూర్చోడానికే కొంత సమయం పట్టింది. ఎడమకాలు చాపాడు. కాసేపు నేల కేసి చూస్తూ ఉండిపోయాడు. ఏ వేషానికీ అంతసేపు తీసుకోవడం తను చూడలేదన్నారు మాస్టారు. తరవాత కుడిచెయ్యి ఎత్తి, మణికట్టు కళ్ళకి ఆనించుకున్నాడు. తుడుచుకుని దించాల్సిన చెయ్యి దిగలేదు. అలాగే ఉండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఆరేళ్ళుగా ఇంట్లో ఏడవనిది ఆ మెట్టు మీద ఏడ్చాడు. ఏ శబ్దమూ లేదు.

నాంచారమ్మ కళ్ళార్పకుండా చూసింది. అతని చెయ్యి కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పింది.

"కాదు బాబూ. సినిమాలో ఉన్నది మా ఆయనే. ఇక్కడ కూర్చున్నది మీరు."

ఆ మాట తప్పుపడుతున్నట్టు అనలేదు. అని, తనూ వచ్చి అదే మెట్టు రెండో చివర కూర్చుంది. రోడ్డు మీద సన్మానం సంగతి మైకులో చెప్పుకుంటూ ఆటో ఒకటి పోయింది. అది దూరమయ్యాక ఆవిడ, మీ పేరేమిటి బాబూ అని అడిగింది. గుమ్మంలో నిలబడ్డ కార్యదర్శి నవ్వు ఆపుకోలేక, శశిభూషణ్ గారమ్మా, ఊరంతా పోస్టర్లు వేశాం, చూళ్ళేదా అన్నాడు.

"అది గోడల మీద చూశానయ్యా," అంది ఆవిడ అతని వైపు తిరక్కుండా. "ఇంట్లో ఏమని పిలిచేవారని అడుగుతున్నా."

శశిభూషణ్ చప్పున చెప్పలేదు. వెతుక్కుంటున్నవాడిలా కనిపించాడన్నారు మాస్టారు. తరవాత కొంచెం వంగి, ఆవిడకి మాత్రం వినిపించేటంత నెమ్మదిగా చెప్పాడు. ఆవిడ పెదవులు కదిలాయి. తనలో తను ఒకసారి అనుకుని చూసుకుంది.

భోజనానికి ఉండమంటే ఉండలేదు. సభకి ముందు వరసలో కుర్చీ వేయిస్తామన్నా వద్దంది. మధ్యాహ్నం బస్సుకి పెడన వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుని, అతన్ని తెర మీది పేరుతో కాకుండా, గారు చేర్చకుండా, ఆ పేరుతోనే పిలిచి వెళ్ళొస్తానని చెప్పినట్టుంది. గేటు దగ్గర దింపడానికి శశిభూషణ్ ఒక్కడే వెళ్ళాడు కాబట్టి మాస్టారికి అది సరిగా తెలియదు.

సాయంత్రం సభ బాగా జరిగింది. తెర మీద యాభై ఏళ్ళ వేషాలూ వరసగా వేసి చూపించారు. జనం ఒక్కొక్కదానికీ ఈలలు వేశారు. ఎనిమిది మంది మాట్లాడారు. చివర్న శశిభూషణ్ లేచి, గేట్‌మన్ వేషంలో అందరూ మెచ్చుకున్న ఆ చెయ్యి తనది కాదనీ, పెడనలో జొన్నాదుల వీరరాఘవులు అనే నేతపనివాడిదనీ, అది అడక్కుండా తీసుకున్నాననీ, మిగతావాళ్ళ పేర్లు తనకి తెలియవనీ చెప్పి కూర్చున్నాడు. ఇంతే మాట్లాడాడు. ఏదో సినిమాలో మాటలు చెబుతున్నాడనుకుని జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. అతను ఆ చప్పట్లు ఆగేదాకా తల వంచుకుని ఉన్నాడు. కప్పిన శాలువా ఒక భుజం మీద నుంచి జారిపోతే, పక్కనున్న మాస్టారు సర్దారు.

చెప్పడం అయిపోయింది. మాస్టారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. కిందనున్న గ్రంథాలయంలో ఎవరో బీరువా తలుపులు మూస్తున్న చప్పుడు వినబడింది. గంగాధరం చేతిలోని పత్రిక విప్పి, ఆ అర పేజీ పైనుంచి కిందిదాకా ఇంకొకసారి వెతికాడు. వేషాల పేర్లన్నీ ఉన్నాయి.

"ఆయన్ని ఇంట్లో ఏమని పిలిచేవారండీ?" అని అడిగాడు.

మాస్టారు ఈసారి కిటికీ వైపు చూడలేదు. గంగాధరం ముఖంలోకే చూశారు.

"ఆవిడ అడిగింది," అన్నారు. "నలభై ఏళ్ళల్లో నేను అడగలేదు."