బొగ్గులో ఆకు

బొగ్గు గనుల ఊరి బడిలో ఆరో తరగతి చదివే స్రవంతి తెలివైన పిల్లే గానీ, తన మాట నెగ్గకపోతే అన్నం కూడా సహించనంత మొండిది.

ఒకరోజు సైన్సు చెప్పే నసీమా టీచర్, "మనం తినే తిండి, తాగే నీళ్ళు, పొయ్యిలో నిప్పు... అన్నీ సూర్యుడి చలవే" అంది.

స్రవంతి లేచి నిలబడింది. "మా బాపు గనిలో పని చేస్తడు టీచర్. అక్కడ ఎండే ఉండదు. సూర్యుడు లేకుంటే ఏమైతది? లైట్లు వేసుకుంటం!"

పిల్లలు గొల్లుమన్నారు. టీచరూ నవ్వింది. "అయితే సూర్యుడితో ఏ సంబంధమూ లేకుండా, మన బతుకుకు పనికొచ్చేది ఒక్కటి తీసుకురా. తెస్తే రేపటి పాఠం నువ్వే చెప్పు. నేను బెంచీ మీద కూర్చుని వింటాను."

ఆ సాయంత్రమంతా స్రవంతి వెతుకుతూనే ఉంది. బియ్యం డబ్బా మూత తీసింది. వరి పండాలంటే ఎండ కావాలి. పాలగిన్నె చూసింది. బర్రె మేసే గడ్డికీ ఎండే కావాలి. నీళ్ళంటావా, ఎండకు సముద్రం ఆవిరైతేనే కదా వాన! విసుగొచ్చి ఫ్యాను కింద కూలబడింది. ఫ్యాను తిరిగేది కరెంటుతో. ఆ కరెంటు తయారయ్యేది బొగ్గుతో. స్రవంతి చటుక్కున లేచింది.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన తండ్రి ఓదెలు కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"బాపూ, బొగ్గు తవ్వేకాడికి ఎండ వస్తదా?"

"ఎక్కడి ఎండ బిడ్డా! నెత్తి మీద లైటు లేకుంటే నా చెయ్యి నాకే కనబడదు."

స్రవంతి పెరట్లోకి పరుగెత్తింది. నీళ్ళపొయ్యి పక్కన బొగ్గు కుప్ప ఉంది. ఒక పెద్ద పెళ్ళను సుత్తితో కొట్టింది. అది పొరలుగా విడిపోయింది. స్రవంతి వంగి లోపల చూసింది. నల్లటి రాతి పొర మీద అచ్చుగుద్దినట్టు ఒక ఆకు! నడిమి ఈనె, దానికి అటూ ఇటూ సన్నని గీతలు. వేలితో తడిమింది. ఆకు కాదు, రాయే.

"బాపూ, ఎండ చేరని చోట ఆకు ఎట్లుంది?"

"అప్పుడప్పుడు కనబడుతయి బిడ్డా. ఎట్ల వచ్చినయో నాకూ తెల్వదు."

ఆకుందంటే చెట్టుండాలి. చెట్టుందంటే ఎండ ఉండాలి. అంటే తను ఓడినట్టే, కానీ ఆ మాట ఒప్పుకోవడం స్రవంతికి ఇష్టం లేదు. మర్నాడు పొద్దున బడికి పోయేటప్పుడు ఆకు గుర్తు లేని నున్నటి బొగ్గుముక్క ఒకటి సంచిలో వేసుకుంది. ఆకుముక్కను ఇంట్లో వదిలిపోవడానికి మాత్రం మనసొప్పలేదు. దాన్నీ కాగితంలో చుట్టి అడుగున పెట్టింది.

క్లాసులో "ఇది ఎండ చేరని చోట పుట్టింది టీచర్!" అని బొగ్గుముక్క పైకెత్తి చూపించగానే పిల్లలు చప్పట్లు కొట్టారు.

"బొగ్గు కూడా ఒకప్పుడు చెట్లే" అంది టీచర్.

"మీరు చూసిండ్రా?" అన్నాడొకడు. "చూపించండి టీచర్!" అని అందరూ అరిచారు.

టీచర్ పుస్తకంలో బొమ్మ చూపించింది. "బొమ్మ ఎవరైనా గీస్తరు!" అన్నారు పిల్లలు. స్రవంతి గెలిచినట్టే. కానీ ఆమెకు ఆనందం కలగలేదు. ఆ ఆకు సంగతి తెలుసుకోకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. సంచిలోంచి కాగితం పొట్లం తీసి టీచర్ బల్ల మీద విప్పింది.

"టీచర్, ఇది బొగ్గులోనే దొరికింది. నేనే ఓడిపోయిన. ఇదెట్ల వచ్చిందో చెప్పండి."

టీచర్ కళ్ళు మెరిశాయి. పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు.

"కోట్ల ఏళ్ళ కింద ఇక్కడ దట్టమైన అడవి ఉండేది. ఆ చెట్లు ఎండతోనే ఆహారం తయారుచేసుకుని పెరిగాయి. కూలి, బురదలో పూడి, పైన పేరుకున్న మట్టి బరువుకు నలిగి బొగ్గయ్యాయి. ఆనాటి ఎండే ఈనాడు మన పొయ్యిలో మండుతోంది."

"అయితే మా బాపు తవ్వేది ఎండనా!" అంది స్రవంతి.

"అవును" అని టీచర్ సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, తాను వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. "ఇక నువ్వు చెప్పు. మేం వింటాం."

సూర్యుడు కనబడని చోట కూడా మనల్ని బతికించేది సూర్యుడి వెలుగే. ఆ నిజం తన మాట నెగ్గాలనుకునేవారికి కాదు, తెలుసుకోవాలనుకునేవారికే దొరుకుతుంది.