మెట్టు మీద ఓబద్యా

మందిరం గోడలకు సున్నం కొట్టడానికి పనికొచ్చిన మనిషి, ఆ గోడల మధ్య నిలబడి మొక్కడానికి పనికిరాడా? మీరే చెప్పండి!

ఓడలకు తెరచాపలే తప్ప పొగగొట్టాలు లేని కాలం. సముద్రం ఒడ్డున ఒక పట్నం. ఆ పట్నంలో యూదులదొక పాత మందిరం. దానికి ఏటేటా సున్నం కొట్టేవాడు ఓబద్యా. వాడూ యూదుడే. కానీ వాడి తాత ఒకప్పుడు ఆ మందిరపు షావుకార్ల ఇంట బానిస. అందుకని వాడి చోటు బయట మెట్టు.

వాళ్లకో ఆచారం ఉంది. పదిమంది మగాళ్లు కూడితేగానీ పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యకూడదు. మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టనూ కూడదు. పది మాటలున్న వాక్యం పట్టుకుని, తలకో మాట చొప్పున చెప్పుకుంటూ పోతారు. వాక్యం పూర్తయితే ప్రార్థన మొదలు.

ఓబద్యా తల్లి రూమా పోయింది. పోతూ ఒకటే అడిగింది. "నాయనా, నా పేరు లోపల వినబడాలిరా."

మొదటిసారి వెళ్లాడు. లోపల తొమ్మిదిమంది. తొమ్మిది మాటలయ్యాయి. మెట్టు మీంచి ఓబద్యా పదో మాట అందుకున్నాడు.

మందిరం పెద్ద నహూము గుడ్లురిమాడు. "నిన్నెవరడిగారోయ్? మెట్టు మీద కూర్చో, ఓబద్యా."

కూర్చున్నాడు.

రెండోసారి వెళ్లాడు. మళ్లీ తొమ్మిదిమందే.

"అయ్యా, మా అమ్మ కోసం..."

"రేపో మాపో ఓడ వస్తుంది. మనవాడెవడో ఒకడు దిగుతాడు. మెట్టు మీద కూర్చో, ఓబద్యా."

"సముద్రానికి అవతలున్నవాడు మీ కంటికి ఆనుతాడు గానీ, గడపకి ఇవతలున్న నేను ఆననా అయ్యా?"

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. "సున్నం ఘాటు నోటికెక్కింది వీడికి!"

కూర్చున్నాడు.

మూడోసారి వెళ్లాడు. జోరువాన. ఓడ రాలేదు. తొమ్మిది మాటలయ్యాయి. పదోది ఓబద్యా నాలుక చివరే ఉంది.

"పిలు నహూమూ, తడిసిపోతున్నాడు" అన్నాడు ముసలి మెనషే.

నహూము పుస్తకం మూసేశాడు. మెట్టు మీద కూర్చోమని చెప్పే పని కూడా పడలేదు. ఓబద్యా అక్కడే కూర్చుని ఉన్నాడు, తడిసి ముద్దయి.

ఆ తడికి పట్టుకున్న జ్వరంతోనే పోయాడు. తల్లి పేరు లోపల వినకుండానే పోయాడు.

ఏళ్లు గడిచాయి. నహూము కొడుకు చేతికందొచ్చి పోయాడు. ప్రార్థనకని కూడారు. ఒక్కో మాటా పడింది. తొమ్మిదో మాట దగ్గర ఆగింది. నహూము మెట్టువైపు తిరిగాడు.

"లోపలికి రా, ఓబద్యా."

రావడానికి అక్కడెవరున్నారు?

"ఆనాడే ఈ మాటంటే నా నోరు అరిగేదా!" అని తల బాదుకున్నాడు. ఎంత బాదుకుంటే ఏం? పోయినవాళ్లను లెక్కలో కలపలేరు గదా.

అప్పట్నుంచీ ఆ మందిరంలో లెక్క మెట్టు దగ్గరే మొదలవుతుంది. మొదటి మాట బయట కూర్చున్నవాడిది. వాణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాకే రెండో మాట. పదిమందీ కూడాక మొదట తలిచే పేరు రూమాది, ఆ వెనకే ఓబద్యాది. ఇంత చేసినా, వినాల్సినవాడు వినలేదు.

కథ విన్నారుగా, ఊరికే లేచిపోకండి. ఇంటికెళ్లగానే మీ గడప బయట ఎవర్ని కూర్చోబెట్టారో చూడండి. లోపలికి పిలవండి. వాళ్లు బతికుండగా పిలవండి.